వాడకట్టు ముచ్చట్లు – 27: రెక్కలున్న కథను ఎవరు అచ్చేస్తరు?

పోయిన ఆదివారం పొద్దున ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. పేరు చెప్పను. చిన్న సంస్థ. ముగ్గురు మిత్రులు జీతాల్లోంచి తలా ఇంత వేసుకుని నడుపుతున్నారు. వాళ్ళు వేసిన పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి, నా పీహెచ్‌డీకి కూడా పనికొచ్చాయి. కాబట్టి ఇది శత్రువు మీద రాస్తున్న పోస్టు కాదు. మనవాళ్ళతో పెట్టుకుంటున్న పంచాయితీ.

ఆయన అన్నది ఇదీ: “సార్, మీ స్టూడెంట్ బాగా రాసింది. భాష చాలా బాగుంది. కానీ ఈ మాయలూ మంత్రాలూ ఎందుకు సార్? అవన్నీ తీసేసి వాళ్ళమ్మ జీవితం రాయమనండి. రెండు నెలల్లో వేసేద్దాం.”

సరే అని ఫోన్ పెట్టేశాను. ఆ పిల్లకు ఎట్ల చెప్పాలో అర్థం కాక రెండు రోజులు తప్పించుకు తిరిగాను.

ఆ పిల్ల మా కాలేజీలో డిగ్రీ ఫైనలియర్. తన అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేరూ ఊరూ మాత్రం రాయొద్దంది, రాయడం లేదు. ఇంట్లో కంప్యూటర్ లేదు. నవల మొత్తం ఫోన్లో కొట్టింది. రోజుకు కొంత టైప్ చేసి, పోకుండా తన వాట్సాప్‌కు తనే పంపుకునేది. అట్లా రెండేండ్లు. అన్నీ కలిపితే అరవై వేల మాటలు దాటాయి.

కథ కొంచెం చెప్తాను. ఒక ఊరు. ఆ ఊళ్ళో చచ్చిన గొడ్లను మోసే ఇంటి ముసలామెకు చచ్చిన గొడ్ల భాష వస్తుంది. ఏ తోలు ఏ గొడ్డుదో, అది ఏ బీడులో మేసిందో, ఎవరి చేతి దెబ్బలు తిన్నదో ఆమె చెయ్యి పెడితే చెప్పగలదు. ఆమె మనవరాలు ఒక బర్రె తోలుతో డప్పు మూస్తుంది. ఆ డప్పును మంట మీద కాచి కొడితే, ఆ రాత్రికి బర్రె లేచి వస్తుంది. తను మేసిన నేలలన్నిటి మీదుగా ఆ పిల్లను మోసుకుపోతుంది. ఆ నేలలు ఒకప్పుడు ఎవరివి, ఎవరి చేతుల్లోకి ఎట్లా పోయాయి, ఏ కాగితం మీద ఎవరు వేలిముద్ర వేశారు అన్నీ బర్రెకు గుర్తే. మనుషులు మర్చిపోయారు, తోలు మర్చిపోలేదు. తెల్లవారేలోపు ఏడు గుట్టలు దాటాలి. డప్పు చల్లారితే బర్రె కూలిపోతుంది.

ఇది మాయా? మాయే. ఇందులో వాళ్ళమ్మ జీవితం లేదా? ఉంది. బర్రె మోసుకుపోతున్నది దాన్నే.

చివరికి బుధవారం నాడు స్టాఫ్ రూం బయట నిలబడి చెప్పేశాను. ఆ పిల్ల ఏడవలేదు. కోపం కూడా రాలేదు. ఒక్క మాట అడిగింది.

“మా అమ్మ బతుకు మా అమ్మది గద సార్. ఆమెను అడగకుంట నేనెట్ల రాస్త? ఈ కథైతే నాది.”

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ప్రచురణకర్త అన్న మాటే రెండేండ్ల కింద నేనూ అన్నాను. మొదటి యాభై పేజీలు తెచ్చి చూపించినప్పుడు, “బాగుందమ్మా, కానీ నీ అనుభవంలోంచి రాయి” అన్నాను. పెద్ద సాహిత్య సూత్రం చెప్పినట్టు అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది. నా మాట వినలేదు కాబట్టి నవల పూర్తయింది.

ఇదీ ఈ వారం ముచ్చట. మన నుంచి సాహిత్యం అడిగేవాళ్ళు మన నొప్పినే ఎందుకు అడుగుతారు? మనం కూడా దాన్నే ఎందుకు తీసుకుపోయి ఇస్తాం?

* * *

ప్రతి సంవత్సరం నేను క్లాసులో మనుచరిత్ర చెప్తాను. అల్లసాని పెద్దన. ప్రవరుడు ఒక సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయాలకు పోతాడు. మంచుకు పసరు కరిగిపోతుంది, ఇంటికి తిరిగిరాలేక చిక్కుకుంటాడు. ఐదు వందల ఏండ్లుగా చదువుతున్నాం. పసరు తీసేసి ప్రవరుడి అసలు జీవితం రాయమని పెద్దనను ఎవరూ అడగలేదు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో కల్పన మీద కల్పన అల్లితే, ఎంత గొప్ప ఊహ అని పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఇస్తున్నాం.

ప్రవరుడి కాళ్ళకు పసరు రాస్తే ప్రబంధం. మా పిల్ల బర్రె తోలుకు ప్రాణం పోస్తే మాయలూ మంత్రాలూ.

ఇప్పుడు మన దిక్కు చూడండి. మా వాడకట్టులో చిన్నప్పుడు చిందు భాగోతం ఆడేవాళ్ళు. రాత్రంతా ఆట. జాంబపురాణం చెప్తుంటే మా తాత ముందు వరసలో గొంతుక్కూర్చుని వినేవాడు. భూమి పుట్టకముందే ఆరు నెలల ముందు పుట్టినవాడు జాంబవుడు. సృష్టికంటే ముందున్న మనిషి! డక్కలివాళ్ళు అదే కథను పటం విప్పి, బొమ్మ చూపించి చెప్పేవాళ్ళు. ప్రపంచంలో ఏ ఫాంటసీ రచయితైనా ఇంతకంటే ధైర్యంగా మొదలుపెట్టాడా కథ? ఊరి బయటికి నెట్టేసిన మనుషులు, ఊరే కాదు, భూమే లేనప్పుడు మేమున్నాం అని పాడుకున్నారు.

దాన్ని ఏం చేశాం? జానపద సాహిత్యం అనే గదిలో పెట్టి తాళం వేశాం. నేను కూడా వేశాను. నా సిద్ధాంత గ్రంథం దళిత కథ మీద. అందులో వాస్తవికత మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది. జాంబపురాణం మీద ఒక్క పేరా కూడా లేదు. అడిగితే, అది నా పరిధిలోకి రాదు సార్ అని వైవాలో చెప్పేవాణ్ణే. మా తాత రాత్రంతా మేలుకుని విన్న కథ నా పరిధిలోకి రాలేదు.

జాషువా 1941లో గబ్బిలం రాశాడు. అంటరానివాడు తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకు గబ్బిలం? తను పోలేని గుడిలోకి అది పోగలదు కాబట్టి. మన సాహిత్యంలో తలమీద పెట్టుకునే కావ్యమే ఒక పక్షికాని పక్షితో మాట్లాడటంతో మొదలైంది. అది అవాస్తవం అని జాషువాకు తెలియదా? తెలుసు. గుడి తలుపులు మూసి ఉన్నాయన్న వాస్తవం చెప్పడానికి ఆయనకు ఎగిరేది ఒకటి కావాల్సి వచ్చింది.

చందమామ 1947లో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు, తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, నేను పాత సంచికల్లో పిచ్చిపట్టినట్టు చదివాను. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, నాకు చదవడం అలవాటైందే అట్లా. కానీ ఆ లోకాల్లోకి నేను ఎప్పుడూ రాజకుమారుడి గుర్రం మీదెక్కే పోయాను. మా వాడ నుంచి బయల్దేరిన వీరుడు ఒక్కడు కూడా నాకు తగల్లేదు. మాంత్రికుల గుహలోనూ, రాక్షసుల గుంపులోనూ మాత్రం ఎవరో నల్లటి, తెలిసిన ముఖాలు కనపడేవి.

* * *

ఇది మన ఒక్కరి కథ కాదు. శామ్యూల్ డిలేనీ అమెరికాలో నల్లజాతి సైన్స్ ఫిక్షన్ రచయిత. 1967 నాటికే ఆ రంగంలో పెద్ద అవార్డు తీసుకున్నవాడు. నోవా అనే నవలను సీరియల్‌గా వేయమని అనలాగ్ పత్రికకు పంపారు. సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఏజెంటుకు ఫోన్ చేసి, నవల నచ్చింది కానీ నల్లజాతి కథానాయకుడితో మా పాఠకులు కలిసిపోలేరు అన్నాడట. డిలేనీయే తర్వాత ఒక వ్యాసంలో రాశాడు. గమనించండి, నాకు నచ్చలేదు అనలేదు. మా పాఠకులు అన్నాడు. తిరస్కరించేవాడు ఎప్పుడూ పాఠకుడి వెనకాల నిలబడతాడు.

యాభై ఏండ్ల తర్వాత ఏమైనా మారిందా? ఫైర్‌సైడ్ అనే పత్రికవాళ్ళు లెక్క తీశారు. 2015లో 63 పత్రికల్లో అచ్చయిన 2,039 కథల్లో నల్లజాతి రచయితలవి 38. ఆ లెక్క చూసి ఏడ్చి ఊరుకోలేదు వాళ్ళు. 2017లో నల్లజాతి రచయితలే ఫయా అనే పత్రిక పెట్టుకున్నారు. 2021లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది. ఎన్.కె. జెమిసిన్ 2016, 2017, 2018, వరసగా మూడేండ్లు ఉత్తమ నవలకు హ్యూగో తీసుకుంది. ఆమె రాసింది భూకంపాలను ఆపగల మనుషుల గురించి. ఆ మనుషులు లేకపోతే లోకం బతకదు, కానీ ఆ లోకమే వాళ్ళను అసహ్యించుకుంటుంది, గొలుసులేస్తుంది. సఫాయి పని చేసే మన తల్లులకు ఆ నవల వివరించి చెప్పాల్సిన పనుందా?

ఆక్టేవియా బట్లర్ 1979లో కిండ్రెడ్ రాసింది. 1976లో కాలిఫోర్నియాలో బతుకుతున్న నల్లజాతి రచయిత్రి ఉన్నట్టుండి గతంలోకి, బానిసల కాలంలోని ఒక తోటలోకి వెళ్ళిపడుతుంది. ఎట్లా వెళ్తుందో పుస్తకం చివరిదాకా చెప్పదు. ఆ బట్లర్‌కు ఉత్తరాలూ వ్యాసాలూ రాయించి ఒక సంకలనం తెచ్చినవాళ్ళలో మన దళిత రచయిత్రి మిమి మొండల్ ఒకరు. 2018లో హ్యూగో ఫైనల్ దాకా పోయిన ఆ పుస్తకాన్ని వేసింది ఆస్ట్రేలియాలో ఒక చిన్న ప్రచురణ సంస్థ. మన పక్కనే చెన్నైలో బ్లాఫ్ట్ అనే చిన్న సంస్థ 2024లో కుల వ్యతిరేక ఊహా కథల సంకలనం ఇంగ్లీషులో తెచ్చింది. పెద్ద సంస్థలు చేస్తాయని ఎదురుచూస్తే ఇవేవీ అయ్యేవి కావు.

* * *

కామ్రేడ్లు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. మీటింగులో నేనే అడిగేవాణ్ణి ఒకప్పుడు.

ఒకటి: బయట మనుషులు చస్తుంటే ఎగిరే బర్రెల కథలేంది? మొదట మా పిల్ల బర్రె ఎగరదు, నడుస్తుంది. రెండోది, మనుషులు చస్తున్నారని రాయడానికి ఒకే పద్ధతి ఉందని ఎవరు చెప్పారు? మన ఆత్మకథలు, మన వాస్తవ కథలు లేకపోతే నేను లేను. కారంచేడు, చుండూరు తర్వాత వచ్చిన కవిత్వం చదివే నాలాంటివాళ్ళు లేచి నిలబడ్డారు. 1995లో చిక్కనవుతున్న పాట వచ్చినప్పుడు మనకు ఆ గొంతు కావాలి, ఇప్పుడూ కావాలి. కానీ ఒక గొంతు గెలుచుకున్న చోటును ఇంకో గొంతుకు కంచెగా వేయకూడదు. గాయం చూపిస్తేనే లోపలికి రానిచ్చే ద్వారం దగ్గర మనం ఎన్నాళ్ళు చొక్కా విప్పుకుని నిలబడాలి?

రెండు: ఇది మూఢనమ్మకాలను పెంచదా? ఇది న్యాయమైన ప్రశ్న. మన తెలంగాణ జిల్లాల్లో బాణామతి, చేతబడి అనుమానాలతో మనుషుల పళ్ళు రాలగొట్టారు, సజీవంగా తగలబెట్టారు. వారపత్రికల్లో క్షుద్ర నవలలు విరగబడి అమ్ముడైన కాలం కూడా చూసింది తెలుగు. కానీ తేడా చూడండి. నమ్మమని అడిగేది వేరు, ఊహించమని అడిగేది వేరు. పురాణం నిన్ను మోకరిల్లమంటుంది. నవల అట్టమీదే నవల అని రాసుకుని వస్తుంది, ఇది నేను అల్లింది అని ముందే చెప్తుంది. అల్లింది అని తెలిసిన పిల్లకు ఇంకో సంగతి కూడా తెలుస్తుంది: మనుస్మృతి కూడా ఎవరో అల్లిందే అని. కులం కంటే పెద్ద కల్పన ఈ దేశంలో ఇంకొకటి ఉందా? ముఖంలోంచి ఒకరు, పాదాల్లోంచి ఒకరు పుట్టారన్న కథను వేల ఏండ్లుగా నిజమని అమ్ముతున్నవాళ్ళున్న చోట, కల్పన ఎట్లా తయారవుతుందో మన పిల్లలు నేర్చుకోవడం హేతువాదానికి వ్యతిరేకం ఎట్లా అవుతుంది?

మూడు: చిన్న ప్రచురణకర్త దగ్గర డబ్బెక్కడిది? నిజమే. కొన్ని వందల కాపీలు వేసి, అవి పోవడానికి ఏండ్లు పడుతుంటే, తెలియని దారిలో పెట్టుబడి పెట్టడానికి భయమేస్తుంది. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. డబ్బు లేదు, ఇప్పుడు వేయలేం అని చెప్తే మేము అర్థం చేసుకుంటాం. వాళ్ళమ్మ జీవితం రాయమనండి అని చెప్పడం వేరు. మొదటిది లెక్క. రెండోది ఆజ్ఞ.

2016 జనవరి 17న వెళ్ళిపోతూ రోహిత్ వేముల రాసిన ఉత్తరాన్ని మనం ఎన్ని సభల్లో చదివామో. రచయిత కావాలనుకున్నానని, కార్ల్ సాగన్ లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నానని, నక్షత్రాలంటే ప్రేమ అని అందులో రాసుకున్నాడు. మనిషి విలువను పైపై గుర్తింపుకు కుదించేస్తున్నారని కూడా రాశాడు. ఆ పిల్లాడి ఫోటో పెట్టుకుని నడిచిన మనమే, నక్షత్రాల గురించి రాసుకొచ్చిన ఇంకో పిల్లకు ముందు నీ వాడ గురించి రాయి అంటున్నాం.

* * *

అడిగేవాటిని సూటిగా అడుగుతాను.

ప్రచురణకర్తలకు: తెలుగులో రాతప్రతి ఎట్లా పంపాలో బహిరంగంగా చెప్పేవాళ్ళు తక్కువ. ఫలానా సార్ చెప్పాడని, ఫలానా అన్న పరిచయం చేశాడని పుస్తకాలు లోపలికి పోతాయి. పరిచయాలు ఎవరికుంటాయి? ఈ పిల్లకు నేనున్నాను కాబట్టి మీదాకా ఫోన్ వచ్చింది. నేను లేని కాలేజీలో ఉన్న పిల్ల సంగతి? కాబట్టి రాసి పెట్టండి: ఏ నెలల్లో తీసుకుంటారు, ఎన్ని పేజీల నమూనా కావాలి, ఎన్నాళ్ళలో జవాబిస్తారు, ఖర్చెవరిది. మొదటి చదువు పేర్లు తీసేసి చదవండి. నవలల పోటీలకు అట్లాగే చేస్తారు కదా. చదివేవాళ్ళలో మా వాడకట్టు నుంచి ఒక్కరినైనా కూర్చోబెట్టండి.

విద్యార్థులకు, ఇన్‌బాక్స్‌లో చాలామంది అడుగుతున్నారు కాబట్టి:

నవల పూర్తిచేశాకే పంపండి. సగం రాసి అభిప్రాయం అడిగితే, అభిప్రాయాలే మిగుల్తాయి. పంపబోయే సంస్థ వేసిన పుస్తకాలు రెండైనా చదవండి. యూనికోడ్‌లో టైప్ చేయండి, పాత ఫాంట్లలో ఉంటే మార్చి, ఒత్తులు విరగకుండా ఒకసారి సరిచూసుకోండి. మొదటి మూడు అధ్యాయాలు, ఒక పేజీ కథాసారం చాలు. కథాసారంలో ముగింపు దాచకండి, అది ట్రైలర్ కాదు. ఫాంటసీ రాసినవాళ్ళకు ఇంకో మాట: మీ లోకంలో మాయకు నియమం ఏమిటో, దాని ధర ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి. డప్పు చల్లారితే బర్రె కూలిపోతుంది అన్న ఒక్క వాక్యమే నన్ను ఆ నవల చివరిదాకా లాక్కెళ్ళింది.

సొంత రచన అన్న హామీ పత్రం జతచేయండి. పంపిన తేదీ రాసి పెట్టుకోండి. మూడు నెలలు ఆగి, ఒక్కసారి మర్యాదగా అడగండి. మీ కులం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. గర్వంగా చెప్పుకోండి, కానీ అది నవలకు జతచేయాల్సిన సర్టిఫికెట్ కాదు.

డబ్బు ఎదురివ్వమంటే ఆగండి. సొంతంగా అచ్చేసుకోవడం తప్పు కాదు, కానీ అది సొంత అచ్చు అని తెలిసి చేయండి. నోటిమాట మీద హక్కులు ఇవ్వకండి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే ఐదేండ్లుగా, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేగా లెక్క అని 19వ సెక్షన్ చెప్తుంది. అనువాదం, ఆడియో, సినిమా హక్కుల గురించి విడివిడిగా అడగండి. మన తాతలు చదవకుండా వేలిముద్రలు వేసిన కాగితాల కథ మా పిల్ల నవలలో ఉంది. మీరు చదివి సంతకం పెట్టండి.

* * *

నిన్న సాయంత్రం ఆ పిల్లా నేనూ కూర్చుని ఇంకో సంస్థకు మెయిల్ పెట్టాం. కవరింగ్ లెటర్‌లో నేను ఒక వాక్యం చేర్చాను, ఈ రచయిత్రి అట్టడుగు నేపథ్యం నుంచి వచ్చింది అని. అలవాటు కొద్దీ చేర్చాను. తను చదివి, ఏమీ అనకుండా ఆ వాక్యం మీద వేలు పెట్టి, తీసేసింది. దాని చోట ఇట్లా కొట్టింది: ఇది నా మొదటి ఫాంటసీ నవల, రెండోది మొదలుపెట్టాను.

“నిజంగనే మొదలుపెట్టినవా?” అని అడిగాను.

“ముప్పై పేజీలైంది సార్” అన్నది. “దాంట్ల మీ అసొంటి సార్ ఒకాయన ఉన్నడు. చెప్పిన మాట వింటె రాయైపోతరు పిల్లలు.”

జవాబు వచ్చినప్పుడు, ఏదైనా సరే, ఇక్కడే రాస్తాను. ఈలోపు మీ దగ్గర ఇట్లాంటి రాతప్రతులు అల్మారాల్లోనో, ఫోన్లలోనో ఉంటే కామెంట్లో ఒక్క మాట చెప్పండి. ఎన్ని ఉన్నాయో ముందు మనకు తెలియాలి. పది దాటితే, ప్రచురణకర్తలను వెతకడమా, మనమే ఒకటి పెట్టుకోవడమా అన్నది వచ్చే వారం కూర్చుని మాట్లాడుకుందాం.

జై భీమ్.